హాస్పిటల్ బిల్లు చేతికొచ్చాక: రేటు కాదు, లెక్క చూడండి

డిశ్చార్జ్ రోజు మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు నాకు ఫోన్లు వస్తుంటాయి. చుట్టాలో, పాత ఆఫీసు వాళ్లో, వాళ్లకు తెలిసినవాళ్లో. "లక్షా ఎనభై వేలు అంటున్నారు, కరెక్టేనా కాస్త చూడండి" అని వాట్సాప్‌లో ఒక ఫొటో పెడతారు. ఆ ఫొటోలో ఎనిమిదో పదో లైన్లుంటాయి: రూమ్ ఇంత, ఫార్మసీ ఇంత, ల్యాబ్ ఇంత, ప్రొసీజర్ ఇంత, కింద టోటల్. ఆ కాగితం చూసి బిల్లు కరెక్టో కాదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ప్రతిసారీ ఫోన్లో చెప్పిందే చెప్తున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ లాంటి ఊళ్లలో ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా చేరినవాళ్లకు, ఇంకా చెప్పాలంటే వాళ్ల పక్కన కూర్చునే అటెండెంట్లకు, ఇది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. బిల్లులో రేటు వేరు, లెక్క వేరు. రోజుకు రూమ్ ఎంత, సర్జన్ ఫీజు ఎంత అన్నది రేటు. ఎన్ని రోజులు, ఎన్ని విజిట్లు, ఎన్ని సిరంజిలు అన్నది లెక్క. మనవాళ్లు కౌంటర్ దగ్గరికి వెళ్లి రేటు మీద గొడవ పెట్టుకుంటారు, "జత గ్లౌజులకు ఇంతా?" అని. ఆ గొడవ తేలదు. ప్రైవేటు ఆసుపత్రి రేట్లు చాలావరకు వాళ్లిష్టం, పైగా చేరేటప్పుడు మీరు సంతకం పెట్టే ఉంటారు. లెక్క సంగతి అలా కాదు. డాక్టరు వచ్చాడా రాలేదా, టెస్టు చేశారా లేదా అన్నదానికి కేస్ షీట్‌లో (డాక్టర్లు, సిస్టర్లు రోజూ రాసే రికార్డులో) ఆధారం ఉండాలి, లేకపోతే ఆ లైను తీసేయాలి. నేను చూసిన బిల్లుల్లో డబ్బు తగ్గిందంటే దాదాపు ప్రతిసారీ లెక్క దగ్గరే తగ్గింది.

కావలసినవి

- ఒక చిన్న నోటుబుక్, పెన్ను. ఫోన్లో రాసుకుంటామంటారు చాలామంది. అటెండెంట్ మారినప్పుడు ఫోన్ వాళ్లతో వెళ్లిపోతుంది, నోటుబుక్ మంచం పక్కనే ఉంటుంది.
- చేరేటప్పుడు ఇచ్చిన ఎస్టిమేట్, రూమ్ రేట్ల కాగితం. ఇవ్వకపోతే అడ్మిషన్ కౌంటర్ దగ్గరున్న బోర్డుకు ఫొటో తీసుకోండి.
- కట్టిన ప్రతి అడ్వాన్సుకు రసీదు.
- ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ షెడ్యూల్. కార్డు సరిపోదు, రూమ్ లిమిట్ (కంపెనీ రోజుకు ఇచ్చే గరిష్ఠ రూమ్ రెంట్) ఉండేది షెడ్యూల్‌లో.
- ఫోన్లో ఫార్మా సహీ దామ్ యాప్. మందుల ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏది ఇది, ఉచితం.
- ఇంకో మనిషి. పేషెంట్‌ను చూసుకునే వాళ్లే బిల్లు కూడా చూడాలంటే రెండూ సరిగ్గా జరగవు.

1. చేరిన రోజే ఈ నాలుగూ అడగండి

రోజు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? కొన్నిచోట్ల చేరిన టైమ్ నుంచి 24 గంటలు, కొన్నిచోట్ల లాడ్జిలో లాగా మధ్యాహ్నం 12 నుంచి 12. సాయంత్రం చేరి నాలుగో రోజు మధ్యాహ్నం వెళ్తే ఒక పద్ధతిలో మూడు రోజులు, ఇంకో పద్ధతిలో నాలుగు రోజులు అవుతుంది.

నర్సింగ్, డ్యూటీ డాక్టర్ ఛార్జీలు రూమ్ రెంట్‌లో కలిసి ఉన్నాయా, విడిగానా?

ప్యాకేజీయా (మొత్తానికి ఒకే రేటు), ఓపెన్ బిల్లింగా (వాడిన ప్రతిదానికీ విడిగా)? ప్యాకేజీ అంటే అందులో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద ఇమ్మనండి. "అన్నీ ఇన్‌క్లూడెడ్ సార్" అనే మాట డిశ్చార్జ్ రోజు ఎవరికీ గుర్తుండదు, అన్న మనిషి ఆ రోజు షిఫ్టులో కూడా ఉండడు.

మందులు బయట కొనుక్కోవచ్చా? జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో మందులు, టెస్టులు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు ఉంది. ఆచరణలో ఐసీయూలో, ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) ఇది నడవదు, అర్ధరాత్రి ఇంజెక్షన్ కోసం మీరు ఊరంతా తిరగలేరు కూడా. కానీ రోజుల తరబడి వాడే ఖరీదైన యాంటీబయాటిక్ లాంటిదైతే అడగడంలో తప్పు లేదు.

రూమ్ ఎంచుకునేటప్పుడు తొందరపడకండి. షేరింగ్ నుంచి ప్రైవేటు రూమ్‌కు మారితే పెరిగేది రూమ్ రెంట్ ఒక్కటే అనుకుంటారు. చాలా ఆసుపత్రుల్లో రూమ్‌ను బట్టి సర్జన్ ఫీజు, ఓటీ ఛార్జీ, విజిట్ ఛార్జీ అన్నీ మారతాయి. దానికి తోడు 2022 జూలై 18 నుంచి రోజుకు 5,000 రూపాయలు దాటిన రూమ్ రెంట్ మీద 5 శాతం జీఎస్టీ ఉంది. ఐసీయూకు ఈ జీఎస్టీ లేదు. ఐసీయూ బెడ్ మీద గానీ, 4,500 రూమ్ మీద గానీ జీఎస్టీ లైను కనిపిస్తే వెంటనే అడగాలి.

2. నోటుబుక్‌లో ఏం రాయాలి

డైరీ రాయక్కర్లేదు. తేదీ వేసి ఇలా నాలుగు ముక్కలు:

బుధవారం. ఉ. 7:30 డ్యూటీ డాక్టర్. 9:10 సర్జన్ (2 నిమిషాలు). 11:00 రక్తం తీశారు, రెండు ట్యూబులు. షుగర్ టెస్టు 6, 12, 6, 12 గంటలకు. మధ్యాహ్నం ఎక్స్‌రే, కిందికి తీసుకెళ్లారు. ఫార్మసీ కవరు వచ్చింది, సాయంత్రం 2 వయల్స్ వెనక్కి ఇచ్చాం.

అంతే. పెద్ద డాక్టర్లు ఎవరొచ్చారో పేరుతో రాయండి. పేరు తెలియకపోతే సిస్టర్‌ను అడగండి, చెప్తారు. "షుగర్ డాక్టర్ గారు వచ్చారమ్మా" అని పేషెంట్ చెప్పే మాట మీద ఆధారపడకండి, మత్తులో ఉన్న మనిషికి అందరూ డాక్టర్లే.

అన్నిటికన్నా ముఖ్యం చివరి లైను, వెనక్కి ఇచ్చిన మందులు. ఆసుపత్రిలో మందులు ఇండెంట్ పెట్టి తెప్పిస్తారు, అంటే మీ పేరు మీద ముందే బిల్లు పడి కవరు పైకి వస్తుంది. డాక్టరు మందు మార్చినా, ఆపేసినా మిగిలినవి ఫార్మసీకి వెనక్కి పోవాలి, ఆ మొత్తం బిల్లులో రిటర్న్‌గా తగ్గాలి. మందు వెనక్కి పోతుంది, ఎంట్రీ మాత్రం ఎక్కడో ఆగిపోతుంది. కావాలని చేస్తారని కాదు, షిఫ్ట్ మారే టైమ్‌లో ఇది మామూలే. వెనక్కి ఇచ్చే ముందు కవరులో ఉన్నవాటికి ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

3. రెండు రోజులకోసారైనా ఇంటెరిమ్ బిల్లు తీసుకోండి

అడ్వాన్స్ కట్టమని ఫోన్ వచ్చినప్పుడు డబ్బు కట్టేసి రసీదుతో పైకి రావద్దు. "ఇప్పటిదాకా అయిన బిల్లు బ్రేకప్‌తో ఇవ్వండి" అనండి. ఐసీయూ అయితే రోజూ అడగండి. నిన్నటి పొరపాటు నిన్నటి సిస్టర్‌కు గుర్తుంటుంది, పది రోజుల తర్వాత ఎవరికీ గుర్తుండదు. విదేశాల్లో ఉండి ఇక్కడి అమ్మానాన్నల బిల్లులు కట్టే పిల్లలకు కూడా ఇదే చెప్తాను: ముందు బ్రేకప్ పీడీఎఫ్ తెప్పించుకుని, తర్వాత డబ్బు పంపండి.

4. ఫైనల్ కాకముందే డ్రాఫ్ట్ అడగండి

డాక్టరు రౌండ్స్‌లో "ఇవాళ వెళ్లొచ్చు" అన్న వెంటనే ఒకళ్లు బిల్లింగ్‌కు వెళ్లి, ఫైనల్ చేసేలోపు డ్రాఫ్ట్ బిల్లు కావాలని చెప్పండి. ఫైనల్ అయి ఇన్సూరెన్స్‌కు వెళ్లిపోయిన తర్వాత మార్చడం వాళ్లకూ తలనొప్పే, మీకూ తలనొప్పే. మీకు కావాల్సింది తేదీలవారీగా, ఐటమ్‌వారీగా ఉన్న బిల్లు. ఫార్మసీకి విడిగా అన్ని బిల్లులు, రిటర్న్ బిల్లులతో సహా. ఐటమ్‌వారీ బిల్లు పొందడం రోగి హక్కు అని పైన చెప్పిన పత్రంలోనే ఉంది. "సిస్టమ్‌లో అలా రాదు" అంటే నమ్మకండి. వస్తుంది, ముప్పై నలభై పేజీలు ప్రింట్ తీయడానికి బద్ధకం. మెయిల్ చేయమనండి.

5. ఇప్పుడు చెక్ చేయడం, ఈ వరసలోనే

మొదట రోజులు. ఎందుకంటే ఒక్క రోజు తప్పు పడితే దాన్ని పట్టుకుని నాలుగైదు ఛార్జీలు వేలాడుతుంటాయి. మా మామగారికి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు ఇదే జరిగింది. మంగళవారం సాయంత్రం 4కు చేరాం, శుక్రవారం ఉదయం 9కి డిశ్చార్జ్ అన్నారు. చేరే రోజు 24 గంటల లెక్క అని చెప్పారు, అంటే శుక్రవారం సాయంత్రం 4 దాకా మూడు రోజులే. బిల్లులో నాలుగు రోజులు. రూమ్ 4,500, నర్సింగ్ 700, డ్యూటీ డాక్టర్ 600, అంటే ఆ ఒక్క రోజుకే 5,800. అడిగితే కౌంటర్లో అబ్బాయి, "మీరు ఇంకా రూమ్ ఖాళీ చేయలేదు కదా సార్" అన్నాడు. మేం ఖాళీ చేయంది వాళ్ల బిల్లు కోసం ఎదురుచూస్తూనే.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజు ఇంకా జాగ్రత్తగా చూడండి. ఒకే రోజుకు ఐసీయూ బెడ్డూ, వార్డు బెడ్డూ రెండూ పూర్తిగా పడతాయి ఒక్కోసారి. మార్చిన టైమ్ కేస్ షీట్‌లో ఉంటుంది. వెంటిలేటర్, మానిటర్, ఆక్సిజన్ గంటల లెక్కన వేస్తే ఆ గంటలు కూడా అంతే. తీసేసిన టైమ్ మీ నోటుబుక్‌లో ఉందా?

తర్వాత డాక్టర్ విజిట్లు. పేరు వారీగా లెక్కపెట్టండి. ఫోన్లో సలహా చెప్పిన డాక్టర్‌కు విజిట్ పడొచ్చు, మీరెప్పుడూ చూడని స్పెషలిస్టు పేరు మీద క్రాస్ కన్సల్టేషన్ (వేరే విభాగం డాక్టర్ సలహా) పడొచ్చు. అబద్ధమని అనేయకండి, మీరు టీకి వెళ్లినప్పుడు వచ్చి ఉండొచ్చు. "ఆయన రాసిన నోట్ కేస్ షీట్‌లో చూపించండి" అంటే సరిపోతుంది. వచ్చిన డాక్టర్ రెండు లైన్లయినా రాసి వెళ్తాడు. ఆపరేషన్ ప్యాకేజీ అయితే ఆ సర్జన్ విజిట్లు సాధారణంగా ప్యాకేజీలోనే ఉంటాయి, విడిగా పడ్డాయేమో చూడండి.

టెస్టులు సులువు. బిల్లులో ప్రతి టెస్టు లైనుకు ఎదురుగా ఒక రిపోర్టు పెట్టుకుంటూ పోండి. రిపోర్టు లేని లైనుకు పెన్నుతో సున్నా చుట్టండి. ఇంకో మెలిక ఉంది: కిడ్నీ ప్రొఫైల్‌లో యూరియా, క్రియాటినిన్ ఎలాగూ ఉంటాయి, లివర్ ప్రొఫైల్‌లో బిలిరూబిన్, ఎస్‌జీపీటీ ఉంటాయి. అదే తేదీ, అదే టైమ్ శాంపిల్‌కు ప్రొఫైల్ ధరా పడి, మళ్లీ క్రియాటినిన్ విడిగా కూడా పడితే అడగండి. వేలి చివర గుచ్చి చూసే షుగర్ టెస్టు బిల్లులో జీఆర్‌బీఎస్ అని ఉంటుంది, ఒక్కోటి చిన్న మొత్తమే కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. మామగారి బిల్లులో 19 పడ్డాయి, నోటుబుక్‌లో 11. సిస్టర్ ఛార్టులో కూడా 11. ఒక్కోటి 120 చొప్పున ఎనిమిదికి 960.

ఇక ఫార్మసీ. ఓపిక కావాల్సింది ఇక్కడే, ఒక గంట కూర్చోండి.

ముందు బిల్లు నంబర్లు చూడండి, ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందా అని. తర్వాత రిటర్న్ బిల్లులు తీసి మీ నోటుబుక్‌తో పోల్చండి. తర్వాత పరిమాణం. మందు స్ట్రిప్ మీద ఎంఆర్‌పీ పది లేదా పదిహేను మాత్రలకు ఉంటుంది, బిల్లులో ఒక్కో మాత్ర లెక్కన వేస్తారు. భాగిస్తే సరిపోవాలి. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి దానికి మించి ఒక్క రూపాయి కూడా వేయకూడదు. అనుమానం వచ్చిన మందును ఫార్మా సహీ దామ్‌లో పేరు కొట్టి చూడండి.

తర్వాత కన్సూమబుల్స్, అంటే సిరంజిలు, కాన్యులాలు, ఐవీ సెట్లు, గ్లౌజులు. వీటి రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. 2018 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే కొన్ని ఐటమ్‌ల మీద లాభం 1,737 శాతం వరకు ఉందని తేలింది. అయినా అది ప్యాకెట్ మీద ముద్రించిన ఎంఆర్‌పీకి లోబడే అమ్మి ఉండొచ్చు, అక్కడే ఉంది కిటుకంతా. అందుకే ఇక్కడ కూడా రేటు వదిలేసి సంఖ్య చూడమంటున్నాను. చేతికి కాన్యులా ఎన్నిసార్లు మార్చారు? రెండుసార్లు. బిల్లులో ఐదున్నాయి. మామూలు వార్డులో మూడు రోజులకు 140 గ్లౌజులు. ఎవరికి తొడిగారు?

ఆపరేషన్ అయితే ఓటీ మెటీరియల్, ఇంప్లాంట్. స్టెంట్, మోకాలి చిప్ప, కంటి లెన్స్ ఇలా ఒంట్లో పెట్టే ప్రతిదానికీ డబ్బా మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, బ్రాండ్, బ్యాచ్ నంబర్, ఎంఆర్‌పీతో. ఆ స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటిస్తారు. దాని కాపీ అడిగి, బిల్లులో ఉన్నదీ అదీ ఒకటేనా చూడండి. స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంట్ అప్పుడు 29,600కు దిగింది. ఆ పరిమితిని ఆ తర్వాత సవరిస్తూ వచ్చారు, ఇప్పటి అంకె ఎన్‌పీపీఏ సైట్‌లో చూసుకోండి. స్టెంట్ ధర, బ్రాండ్, బ్యాచ్ నంబర్ బిల్లులో విడిగా చూపించాలన్నది కూడా స్టెంట్లకు పరిమితి పెట్టిన ఉత్తర్వులోనే ఉంది. "యాంజియోప్లాస్టీ ప్యాకేజీ" అని ఒక్క లైనులో ముగించేస్తే విడగొట్టి ఇమ్మనండి.

చివరగా తలాతోకా లేని లైన్లు. ఫైల్ ఛార్జీ, డాక్యుమెంటేషన్, అడ్మిషన్ కిట్, హౌస్‌కీపింగ్, విజిటర్ పాస్, "కిట్" అని మాత్రమే రాసి లోపల ఏముందో చెప్పనిది. వీటి సంగతి ఇన్సూరెన్స్ దగ్గర చెప్తా.

6. అడిగే పద్ధతి

సున్నాలు చుట్టినవన్నీ ఒక తెల్ల కాగితం మీద నంబర్లు వేసి రాయండి: పేజీ, తేదీ, ఐటమ్, బిల్లులో ఎన్ని, మన లెక్కలో ఎన్ని. ఈ కాగితం తీసుకుని బిల్లింగ్ మేనేజర్ దగ్గరికి వెళ్లండి, కౌంటర్లో కూర్చున్న పిల్లల మీద అరవకండి, లైను తీసే అధికారం వాళ్లకు ఉండదు. "మోసం" అనే మాట వాడితే అవతలి మనిషి కేస్ షీట్ తెరవడం మానేసి వాదనకు దిగుతాడు. "మాకు ఇన్ని కనిపిస్తున్నాయి, మీ కేస్ షీట్‌తో ఒకసారి సరిచూడండి" అనండి చాలు.

మామగారి బిల్లు 1,37,460 వచ్చింది. మా కాగితంలో ఆరు ఐటమ్‌లు రాశాం. నాలుగు తగ్గించారు: ఒక రోజు ఛార్జీలు 5,800, షుగర్ టెస్టులు 960, రిటర్న్ పడని రెండు వయల్స్ 1,860, నోట్ లేని ఒక విజిట్ 1,000. మొత్తం 9,620 తగ్గి 1,27,840 అయింది. గ్లౌజుల మీద మాత్రం "వార్డు స్టాండర్డ్ సార్" అన్నారు, అది తేలలేదు. ఆరో దాంట్లో తప్పు మాదే, ఎక్స్‌రే రిపోర్టు మా ఆవిడ బ్యాగులో ఉంది. మనం తప్పయినచోట వెంటనే ఒప్పుకుంటే మిగతా వాటి మీద మన మాటకు విలువ ఉంటుంది.

7. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు

క్యాష్‌లెస్ కదా, బిల్లు మనకెందుకు అనుకోకండి. అందులో ఎక్కువ పడిన ప్రతి రూపాయీ మీ ఏడాది కవర్‌లోంచే పోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది రూమ్ లిమిట్ దగ్గర. లెక్క వేసి చూపిస్తా. 5 లక్షల పాలసీ, రూమ్ లిమిట్ 1 శాతం, అంటే రోజుకు 5,000. మీరు 8,000 రూమ్ తీసుకుని మూడు రోజులు ఉన్నారు. తేడా 9,000 మనం కట్టుకుంటే పోతుంది అనుకుంటారు. పోదు. 8,000లో 5,000 అంటే 62.5 శాతం, సర్జన్, ఓటీ, నర్సింగ్, విజిట్లు లాంటి రూమ్‌ను బట్టి మారే ఛార్జీలన్నిటినీ అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 1,20,000 అయితే ఇచ్చేది 75,000. జీఎస్టీ పక్కన పెట్టినా మీ జేబులోంచి 9,000 కాదు, 54,000 పోతుంది.

ఇందులో చెక్ చేయాల్సింది ఒకటుంది. మందులు, కన్సూమబుల్స్, ఇంప్లాంట్లు, టెస్టుల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదని, ఐసీయూ ఛార్జీలకు కూడా ఇది వర్తించదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు చెప్తాయి. పై ఉదాహరణలో మందులు, టెస్టులు 60,000 ఉండి, వాటిలో కూడా 22,500 కోసేస్తే అది తప్పు. సెటిల్‌మెంట్ లెటర్ తీసి ఏ లైను మీద ఎంత కోశారో చూడండి, టోటల్ మాత్రమే చూసి ఊరుకోవద్దు.

రెండోది నాన్-పేయబుల్స్, అంటే ఇన్సూరెన్స్ విడిగా చెల్లించనివి. ఐఆర్‌డీఏఐ దగ్గర నాలుగు జాబితాలున్నాయి. మొదటి దాంట్లో 68 ఐటమ్‌లు, డైపర్లు, గ్లౌజులు, వివరం లేని కిట్లు, అటెండెంట్ భోజనం లాంటివి, మీ పాలసీలో ప్రత్యేకంగా ఉంటే తప్ప ఇవి మీ జేబు నుంచే. రెండో జాబితాలో 37, ఇవి రూమ్ ఛార్జీలోనే కలిసి ఉండాల్సినవి: ఫైల్ ఛార్జీ, డాక్యుమెంటేషన్, అడ్మిషన్ కిట్, హౌస్‌కీపింగ్, ఏసీ, విజిటర్ పాస్, పల్స్ ఆక్సీమీటర్, చేతికి కట్టే బ్యాండు. మూడోది ప్రొసీజర్ ఛార్జీలో (దూది, గాజుగుడ్డ, సర్జికల్ టేప్, ఎక్స్‌రే ఫిల్మ్), నాలుగోది చికిత్స ఖర్చులో కలవాల్సినవి (రిజిస్ట్రేషన్, యూరిన్ బ్యాగ్, డైటీషియన్ ఛార్జీ). ఇన్సూరెన్స్ వాళ్లు "ఇవి రూమ్‌లో కలిసినవే" అని తీసేస్తారు, ఆసుపత్రి అవే లైన్లు తెచ్చి మీ చేతిలో పెడుతుంది. మొదటి జాబితావి కట్టక తప్పదు. మిగతా మూడింటివి అయితే, "రూమ్‌లో కలిసినదానికి మళ్లీ విడిగా ఎందుకు?" అని టీపీఏ డెస్క్‌లోనే (ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే కౌంటర్) అడగండి. అన్నిచోట్లా తీసేయరు గానీ, జాబితా పేరు చెప్పి అడిగితే సగమైనా దిగుతారు.

సాయంత్రం దాకా అప్రూవల్ రాలేదని ఇంకో రోజు రూమ్ వేస్తే గుర్తు పెట్టుకోండి: 2024 మే నెల ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, ఆలస్యం వల్ల పడే అదనపు ఛార్జీ ఇన్సూరెన్స్ కంపెనీది. ఆసుపత్రి రిక్వెస్ట్ ఎన్నింటికి పంపిందో టైమ్ అడిగి రాసుకోండి. చాలాసార్లు ఆలస్యం అక్కడే ఉంటుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లకు ఈ గొడవ ఉండకూడదు. పథకంలో ఉన్న చికిత్సకు పైసా అడిగినా ముందు ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పండి, పని కాకపోతే 104కు చేయండి. రసీదు లేకుండా మాత్రం ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టకండి.

8. కట్టేటప్పుడు

అభ్యంతరాలు తేలకపోయినా పేషెంట్‌ను ఇంటికి తీసుకెళ్లాలి కదా. బిల్లు కోసం పేషెంట్‌ను గానీ, మృతదేహాన్ని గానీ ఆపి ఉంచకూడదు, అది రోగుల హక్కుల్లో స్పష్టంగా ఉంది. కానీ ఆ టైమ్‌లో గొడవపడే శక్తి అందరికీ ఉండదు. అలాంటప్పుడు ఇలా చేయండి: బిల్లు కాపీ మీద "ఫలానా ఐటమ్‌లపై అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ఒక కాపీ వాళ్లకు ఇచ్చి, అదే విషయం ఆసుపత్రి మెయిల్‌కు కూడా పంపి, అప్పుడు కట్టండి.

2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు, కాబట్టి కార్డో ట్రాన్స్‌ఫరో సిద్ధం చేసుకోండి. కట్టిన అడ్వాన్సులన్నీ ఫైనల్ బిల్లులో మైనస్ అయ్యాయో లేదో రసీదులతో టిక్కు పెట్టుకుంటూ చూడండి. మామగారు చేరిన రోజు ఎమర్జెన్సీలో కట్టిన 5,000 వేరే నంబర్ మీద పడి, బిల్లులోకి రానే లేదు. రసీదు చూపిస్తే కలిపారు. అది పొరపాటు కూడా కాదు, రెండు కౌంటర్లు రెండు సాఫ్ట్‌వేర్లు.

బయటికి వచ్చేముందు చేతిలో ఉండాల్సినవి: డిశ్చార్జ్ సమ్మరీ, సంతకం, సీలు ఉన్న ఫైనల్ బిల్లు, బ్రేకప్, ఫార్మసీ బిల్లులు, రిపోర్టులు, ఇంప్లాంట్ స్టిక్కర్ కాపీ, రసీదులు. కేస్ షీట్ కాపీ కావాలంటే రాతపూర్వకంగా అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది.

ఎక్కువమంది చేసే తప్పులు

డిస్కౌంట్ అడగడం. "చూసి తగ్గించండి సార్" అంటే ఒక ఐదు వేలు తగ్గిస్తారు, మీరు సంతోషంగా వెళ్లిపోతారు, బ్రేకప్‌లో పదిహేను వేల తప్పు అలాగే ఉంటుంది. ముందు లెక్క సరిచేయించండి, డిస్కౌంట్ సంగతి తర్వాత.

డిశ్చార్జ్ అయ్యాక వాడాల్సిన నెల మందులు ఇన్‌పేషెంట్ బిల్లులోనే కలిపి తీసుకోవడం. లెక్క చూసేటప్పుడు అంతా కలగాపులగం అవుతుంది. వాటికి విడిగా బిల్లు వేయించుకోండి, బయట కొంటే ఇంకా మంచిది.

డాక్టరు మీద బిల్లు కోపం చూపించడం. ఫాలో-అప్‌కు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి.

9. ఇంటికొచ్చాక కూడా తేలకపోతే

మొదట మెడికల్ సూపరింటెండెంట్‌కు మెయిల్, మీ తెల్ల కాగితం జత చేసి. జవాబు రాకపోతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, అంటే డీఎంహెచ్‌వోకు రాతపూర్వక ఫిర్యాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు వెళ్లాలి, మీరు కట్టిన మొత్తం 5 లక్షల్లోపు అయితే ఫీజు లేదు. ఎంఆర్‌పీ దాటి మందు అమ్మితే ఎన్‌పీపీఏకు. ఇన్సూరెన్స్ కోత మీద అయితే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి). రెండు రాష్ట్రాలకూ అదే ఆఫీసు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

రీఫండ్ రావాల్సి ఉంటే ఏ కార్డుకు, ఏ ఖాతాకు, ఎన్ని రోజుల్లో అన్నది బిల్లు మీదే రాయించుకోండి. క్యాష్‌లెస్‌లో మీరు కట్టిన అడ్వాన్స్ ఇన్సూరెన్స్ డబ్బు ఆసుపత్రికి చేరాక ఇస్తామంటారు, ఆ మాటతోనే మనం మర్చిపోతాం. ఫోన్లో పదిహేను రోజులకు ఒక రిమైండర్ పెట్టుకుని, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి.